సీసాలో వచ్చే చెరువు

వెంకట్రామయ్యగారింట్లో తెల్లవారగానే కాఫీకన్నా ముందు సీసా వచ్చేది.

పాత హార్లిక్స్ సీసా. అందులో సగానికి చెరువు నీళ్ళు, నాలుగైదు టైగర్ రొయ్యలు. కొడుకు సోమేశ్వరరావు దాన్ని మోపెడ్ మీద తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి, "డాక్టరుగారూ, పేషెంట్లొచ్చారండీ!" అని కేకేసేవాడు. వంటింట్లోంచి అతని భార్య బిందు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చునేది.

ఆ మైక్రోస్కోపంటే వెంకట్రామయ్యగారికి ఎంత మురిపెమో చెప్పలేం. విజయవాడ వెళ్ళి ఏరికోరి కొనుక్కొచ్చారు. టీవీ పక్కనే దానికో బల్ల, పైన భార్య వెంకటరత్నమ్మ చేత అల్లించిన లేసు ముసుగు. ఇంటికెవరొచ్చినా ముందు మంచినీళ్ళు, తరువాత మైక్రోస్కోపు. "మా కోడలు గుడివాడలో బియస్సీ చేసింది. బందరులో రొయ్యల పెంపకం కోర్సు కూడా చదివింది. దివిసీమ మొత్తం మీద చెరువుకి ఇంటి డాక్టరున్నది మాకొక్కరికే" అనేవారు. పైకి చెప్పుకోవడం మాత్రమే కాదు. ఎక్కువ ఆస్తి వచ్చే సంబంధం వదులుకుని, చదువుకున్న పిల్లే కావాలని పట్టుబట్టి బిందుని చేసుకున్న మనిషాయన. ఆ మంచితనాన్ని కాదనడానికి లేదు.

అయితే ఆ డాక్టరు తన రోగి ఇంటికి ఎన్నడూ వెళ్ళలేదు. చెరువు వీధి చివర కొబ్బరిచెట్లు దాటితే వచ్చేస్తుంది. మేడెక్కితే నీళ్ళకి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్లు కూడా కనిపిస్తాయి. కానీ బతికున్న రొయ్యల చెరువు గట్టు మీద ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదు. పెడితే మైల తగులుతుంది, రొయ్యకి రోగమొస్తుంది. నాగాయలంక వైపు ఆ ఊళ్ళన్నిటా అదే నియమం. అక్కడ రొయ్యల చెరువులు తవ్వడం మొదలై పదేళ్ళు కూడా నిండలేదు, నియమానికి మాత్రం తాతల నాటి వయసు వచ్చేసింది. వల దించి రొయ్య పట్టుబడి అయ్యాక షెడ్డులో కూర్చుని గుట్టలు గుట్టలుగా రొయ్యల తలలు తీసేది ఆడవాళ్ళే. చచ్చిన రొయ్యకి వాళ్ళ చెయ్యి కావాలి, బతికున్న రొయ్యకి వాళ్ళ నీడ పనికిరాదు. ఇందులో ఏమన్నా తిరకాసు ఉందేమోనని ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు.

అసలు ఆ చెరువు తవ్విన నేల వెంకటరత్నమ్మది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన మాగాణి. వరి పండిన రోజుల్లో ఆవిడ క్యారేజీ పట్టుకుని ఆ గట్ల మీద నడిచేది, నాట్లేసేవాళ్ళతో మాట్లాడుతూ పొద్దుపోయేదాకా అక్కడే కూర్చునేది. మట్టి తవ్వే ప్రొక్లెయినర్ వచ్చి పొలాన్ని చెరువు చేసిన రోజు నుంచి తన నేలని తను మేడ మీంచి చూసుకుంటోంది.

ఆ సోమవారం ఉదయం కూడా సీసా వచ్చింది. బిందు ఒక్కో రొయ్యనీ వెలుగులో పట్టి చూసింది. పేగు నిండుగా ఉంది, మొప్పలు శుభ్రంగా ఉన్నాయి.

"ఏమంటారు డాక్టరుగారూ?"

"ఇవి బాగానే ఉన్నాయండీ. కానీ మీరు మళ్ళీ చెక్‌ట్రేలోవే తెచ్చారు కదూ?"

సోమేశ్వరరావు నవ్వేశాడు. చెక్‌ట్రే అంటే మేత ఎంత తింటున్నాయో చూడ్డానికి చెరువులో దించే వల పళ్ళెం. "ట్రే పైకి లాగితే చాలు, ఇట్టే దొరుకుతాయి. నన్ను బురదలో దిగమంటావా ఏంటి?"

"ట్రేలోకి వచ్చేవి ఆకలేసి తిండికొచ్చేవేనండీ. ఒంట్లో బాలేనిది మేతకి రాదు, గట్టువారకి చేరి ఊరుకుంటుంది. నాలుగు రోజుల్నుంచీ చెప్తున్నాను, తూర్పు మూల ఒడ్డునుంచి తెమ్మని. నిన్న బట్టలారేస్తుంటే చూశాను, అక్కడ కాకులు వాలుతున్నాయి. కొంగలు కూడా."

"కాకులు వాలక విమానాలు వాలతాయా? గంగరాజు రాత్రింబవళ్ళు అక్కడే కాపలా ఉంటున్నాడు. ఏమన్నా ఉంటే వాడు చెప్పడా? ఇంకో నెలలో పట్టుబడి. అనవసరంగా నాన్నని కంగారు పెట్టకు." అంటూ మోపెడ్ తాళం తీసుకుని మేత బస్తాల కోసం అవనిగడ్డ వెళ్ళిపోయాడు.

బిందు స్నానం చేసింది. దేవుడి గదిలో దీపం పెట్టి, అత్తగారికి హారతి కూడా అందించింది. తరువాత మేడెక్కి చూసింది. కాకులు నిన్నటికన్నా ఎక్కువున్నాయి. కిందికి దిగి, ఖాళీ సీసా తీసుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అంది వెంకటరత్నమ్మ.

"చెరువు దగ్గరికి అత్తయ్యా."

వెంకటరత్నమ్మ చేతిలో బియ్యం చేట అలాగే ఆగిపోయింది. వెళ్ళమనలేదు, వద్దనలేదు. బిందు ఒక్క క్షణం నిలబడి, ఆ మౌనాన్ని తనకి కావలసినట్టు అర్థం చేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ చేట పక్కన పెట్టి, మోకాళ్ళ నొప్పులతోనే మేడెక్కింది. కోడలు గట్టెక్కడం, తూర్పు మూల వంగి నీళ్ళలో చెయ్యి పెట్టడం చూసింది. గంగరాజు ఆ పూట కాపలా పాకలో లేడు. మరి ఆవిడకి భయమేసిందా, సంతోషమేసిందా అంటే, రెండూ ఉన్నాయని తరువాతెప్పుడో ఒప్పుకుంది.

మధ్యాహ్నానికి వెంకట్రామయ్యగారు ఇంటికొచ్చారు. వెంట పక్క చెరువు పిచ్చేశ్వరరావు. ముందు రోజు ఆదివారం అవనిగడ్డలో మహిళా దినోత్సవం సభ జరిగింది. వెంకట్రామయ్యగారు దానికి అధ్యక్షులు. స్త్రీ సాధికారత గురించి ఎంత బాగా మాట్లాడారో పిచ్చేశ్వరరావు వసారాలో కూర్చుని ఇంకా పొగుడుతూనే ఉన్నాడు. "మా ఇంట్లో చెరువు బాగోగులు మా కోడలి చేతిలోనే పెట్టానని మీరనేసరికి చూడాలి బావగారూ, చప్పట్లే చప్పట్లు!"

"ఉన్నమాటే చెప్పాను" అన్నారు వెంకట్రామయ్యగారు మొహమాటపడుతూ.

బిందు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. సోమేశ్వరరావు అప్పుడే బస్తాలు దింపించి లోపలికొచ్చాడు.

"మావయ్యగారూ, ఇవాళే చెరువు పట్టేయాలండీ. రేపటిదాకా ఆగొద్దు."

ఆయన సీసా పైకెత్తి చూశారు. తలకాయ పెంకు మీద తెల్లగా చుక్కలు. ఆ మచ్చ తెలియని రైతు ఆ రోజుల్లో లేడు.

"వైట్‌స్పాటా అమ్మా?"

"అవునండీ. దీనికి మందు లేదు. ఇప్పటికి ఒక మూలే ఉంది. సైజు చిన్నదైనా ఫర్వాలేదు, ఐసు లారీకి ఫోన్ చేసి సాయంత్రానికి వల దించితే సగం పైగా దక్కుతాయి."

"అయ్యో, అయ్యో..." అంటూ ఆయన లేచి ఫోన్ వైపు రెండడుగులు వేశారు. నంబరు తిప్పడానికి వేలు కూడా పెట్టారు. అక్కడే ఆగి, వెనక్కి తిరిగారు. "ఉదయం సోముడు తెచ్చినవి బాగున్నాయన్నావు కదా. ఇదెక్కడిది?"

సోమేశ్వరరావు భార్య వైపు చూశాడు. ఇవి కూడా నేనే తెచ్చానని చెప్పేయ్ అన్నట్టుంది ఆ చూపు. ఆ ఒక్క అబద్ధం ఆడితే చెరువు దక్కేదని బిందుకి తరువాత చాలామంది చెప్పారు. ఆడి ఉండేదే. కానీ అంతలో మావగారే అడిగారు, "ఎన్ని ఉన్నాయక్కడ ఇలాంటివి? ఒకటా రెండా?"

చూసినవాళ్ళు తప్ప ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేరు.

"ఒడ్డు పొడుగునా ఉన్నాయండీ. ఈదలేక పక్కకి ఒరిగి ఉన్నాయి. నేనే వెళ్ళి చూశాను."

వెంకట్రామయ్యగారు ఫోన్ పెట్టేశారు.

"అదీ సంగతి" అన్నాడు పిచ్చేశ్వరరావు, కుర్చీలో వెనక్కి వాలి. "మచ్చ ముందొచ్చిందా బావగారూ, అమ్మాయి గట్టెక్కడం ముందా?"

"మచ్చ ఉంటేనే కదండీ బాబాయిగారూ నేను పట్టుకొచ్చింది!" బిందు గొంతు పెరిగింది. "ఒక పూటలో వచ్చే రోగం కాదది. వారం నుంచీ లోపల పాకుతూ ఉండి ఉంటుంది."

"పుస్తకాల్లో అలా ఉంటుందిలే అమ్మా."

"ఆ పుస్తకం చదివినందుకేగా నన్ను చేసుకున్నారు?"

"బిందూ!" అన్నాడు సోమేశ్వరరావు.

వెంకట్రామయ్యగారు కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. మెల్లగా భార్య వైపు తిరిగి, "రత్నం, అమ్మాయి ఇవాళ దేవుడి గదిలో దీపం పెట్టిందా?" అని అడిగారు.

అడగలేని మాటని ఆ ఇళ్ళల్లో అలాగే అడుగుతారు, బయట చేరినవాళ్ళు దీపం ముట్టరు కనక. బిందు ముఖం ఎర్రబడింది. మొగుడూ, మావగారూ, పరాయి మగాడూ కూర్చున్న హాల్లో తన ఒంటి సంగతి విచారణకి వచ్చింది. అయినా ఆమెకి కొంచెం ధైర్యంగానే ఉంది. హారతి కళ్ళకద్దుకున్న మనిషి ఎదురుగానే ఉంది కదా.

వెంకటరత్నమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. పెట్టిందండీ, నేను చూశాను అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాని వెనకే వచ్చే ప్రశ్న కూడా కనిపించింది. అయితే నువ్వింట్లోనే ఉన్నావుగా, వెళ్తుంటే ఎందుకు ఆపలేదు?

"నే... నే చూళ్ళేదండీ" అంది.

బిందు తలెత్తి అత్తగారి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

"నీ తప్పేం లేదమ్మా, తెలియక చేశావు" అన్నారు వెంకట్రామయ్యగారు ఎంతో దయగా. "తలారా స్నానం చేసి లోపల ఉండు. సోమూ, పూజారిగారికి కబురు పంపు. గంగమ్మకి శాంతి చేయిద్దాం. ఆ తల్లి చల్లగా చూస్తే అదే సర్దుకుంటుంది."

పూజారి సాయంత్రం వచ్చి, శాంతి మర్నాడు పొద్దున చేయాలన్నాడు. చేసిన రోజు చెరువులో వల దించకూడదని కూడా అన్నాడు. 

గదిలో బిందు భర్త చెయ్యి పట్టుకుంది. "మీరైనా ఫోన్ చేయండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"నాన్న మాట దాటి ఎలా చేయను? ఏదన్నా అయితే ఆ పాపం నా నెత్తిన పడుతుంది."

"అయితే నేను చేస్తాను."

"నువ్వు చేస్తే లారీ వస్తుందా? చెరువెవరిదమ్మా అని అడుగుతారు. ఏం చెప్తావ్?"

"అత్తయ్యగారిదని చెప్తాను."

నిజానికి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనుకుని చాలా ఏళ్ళయింది. బిందు వంటింట్లోకి వెళ్ళింది. వెంకటరత్నమ్మ పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, ఉడికిన పప్పుని ఊరికే కలుపుతోంది.

"అత్తయ్యా, దీపం సంగతి వదిలేయండి. భూమి మీది. మీరొక్కసారి నోరు తెరిచి వల దించండి అనండి. మీకు కాదంటారా?"

"నాదే. నాదని చెప్పుకోడానికి నాది." ఆవిడ గరిటె ఆపలేదు. "చెరువు తవ్వేప్పుడు నన్నడిగారనుకుంటున్నావా? సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అడగనిదానికి ఇప్పుడెళ్ళి నేను అడ్డం పడితే ఆయన పరువేం కాను? పోనీలేవే. రాసిపెట్టి ఉంటే దక్కుతుంది."

"రాసిపెట్టి ఉండక్కర్లేదత్తయ్యా. పట్టేస్తే దక్కుతుంది."

మంగళవారం శాంతి జరిగింది. పసుపునీళ్ళు చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు, ఎర్రనీళ్ళు తిప్పి పోశారు. బిందు గదిలో కూర్చుని ఆ డప్పుల చప్పుడు వింది. సాయంత్రం మేడెక్కి చూడలేదు. చూడవలసిన అవసరం లేదామెకి.

బుధవారం పొద్దున సీసా రాలేదు. గంగరాజు వచ్చాడు. గేటు దగ్గరే కూలబడి, "అయ్యగారూ, చెరువంతా తేలిపోయిందండీ" అన్నాడు. మగాళ్ళిద్దరూ చెప్పుల్లేకుండా పరిగెత్తారు.

ఎండెక్కే వేళకి గంగరాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మం దాకా వచ్చి తల వంచుకు నిలబడ్డాడు.

"అమ్మగారూ, మా ఇంటిది చిట్టెమ్మ షెడ్డులో ఆడాళ్ళందర్నీ తీసుకొచ్చిందండీ. చేతులు చాలట్లేదు. కుళ్ళిపోకముందు ఏరినంత ఏరితే, షెడ్డువాళ్ళు ఎంతకో అంతకి పట్టుకెళ్తారంట. మిమ్మల్నీ చిన్నమ్మగారినీ కూడా రమ్మన్నారు అయ్యగారు."

"ఎక్కడికి?"

"చెరువు మీదికండీ."

వెంకటరత్నమ్మకి వెంటనే అర్థం కాలేదు. "గట్టు మీదికి మేం రావచ్చా గంగరాజూ?"

"ఇంకేముందండమ్మా అక్కడ..." అన్నాడు గంగరాజు. ఏడుపు ఆపుకోలేక పక్కకి తిరిగాడు.

అత్తా కోడళ్ళిద్దరూ గంపలు పట్టుకుని కొబ్బరిచెట్లు దాటారు. గట్టు ఎక్కే చోట వెంకటరత్నమ్మ ఆగింది. పూర్వం ఇక్కడ పంటకి నీళ్ళు పారే బోదె ఉండేది, దాటడానికి తాటి దుంగ ఉండేది. దుంగ లేదు, బోదె లేదు. బిందు చెయ్యందించింది. ఆవిడ పట్టుకుని ఎక్కింది. తన నేల మీద తను నిలబడటం ఇన్నేళ్ళకి అదే. నీళ్ళ మీద చివరికంటా తెల్లటి పొట్టలు, చుట్టూ కాకులు. ఊళ్ళో ఆడవాళ్ళంతా చీరలు ఎగదోపి మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నారు. ఎవరూ ఎవర్నీ కాదనడం లేదు.

వెంకట్రామయ్యగారు తలమీద తువ్వాలు వేసుకుని మేతబస్తా మీద కూర్చుని ఉన్నారు. రెండు రోజుల్లో మనిషి చిక్కిపోయారు. కోడల్ని చూసి చెయ్యూపారు.

"రా అమ్మా, ఇలా రా. దగ్గరికొచ్చి చూసి చెప్పు. నువ్వన్న రోగమేనా?"

బిందు వంగి ఒక రొయ్యని తీసి తిప్పి చూసింది. "అదేనండీ మావయ్యగారూ."

"సోమవారమే పట్టేసి ఉంటే?"

"సగం పైగా దక్కేవండీ."

ఆయన తలాడించారు. అప్పుడే అవతలి గట్టునుంచి పిచ్చేశ్వరరావు వచ్చాడు.

"నా చెరువులో కూడా మచ్చ కనిపించింది బావగారూ. మీ చెరువునుంచే అంటుకుంది. నా గట్టు ఏ ఆడదీ తొక్కలేదు, మీ గట్టు మీది మైలే నా దాకా వచ్చింది." అని బిందు వైపు చూశాడు. నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా చేతులు ఆపి చూశారు. సోమేశ్వరరావు తల దించుకున్నాడు.

తన గట్టు ఏ ఆడదీ తొక్కలేదని ఆయనే చెప్పాడు. ఆ మాట ఎవరి చెవినీ పడలేదు. వెంకట్రామయ్యగారు కూడా కోడలి తరఫున నోరు విప్పలేదు.

"దీపం పెట్టింది" అంది వెంకటరత్నమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. చేతిలో గంప జారి గట్టున పడింది. "ఆ రోజు పిల్ల దీపం పెట్టింది. నాకు హారతిచ్చింది. వెళ్తుంటే చూశాను, ఆపలేదు. ఆపబుద్ధి కాలేదు. నేను అబద్ధం చెప్పానండీ. ఈ నేల నాది, ఈ పిల్ల నాది, రెండింటినీ నా నోటితోనే..." మాట పూర్తి కాలేదు. అక్కడే మట్టిలో కూలబడి భోరున ఏడ్చింది.

వెంకట్రామయ్యగారు నీళ్ళ వైపు తిరిగారు. "ఇప్పుడెందుకే ఆ మాట" అన్నారు. ఆయన తిట్టలేదు. ఆయనన్నది నిజం, అంతే. ఇప్పుడు ఆవిడ మాటతో ఒక్క రొయ్య కూడా లేచి ఈదదు.

బిందు అత్తగారి పక్కన కూర్చుని, కొంగుతో ఆవిడ ముఖం తుడిచింది.

"నన్ను క్షమించవే తల్లీ. పెట్టిందని ఒక్క మాటంటే చాలు కదే. ఒక్క మాట."

"లేవండత్తయ్యా. ఎండెక్కితే ఇవి కూడా పనికిరావు" అంది బిందు. క్షమించానని అనలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఇద్దరూ నీళ్ళలోకి దిగారు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ వెంకట్రామయ్యగారు వాళ్ళని ఓదార్చాలనే అన్నారు. "చెరువు ఎండబెట్టి, బ్లీచింగు కొట్టి, మళ్ళీ రొయ్యపిల్లల సీడ్ వేసేదాకా మీరిద్దరూ ఎప్పుడైనా గట్టు మీదికి రావచ్చు రత్నం. నీకిష్టం కదా."

సీడ్ వేసేదాకా.

అత్తా కోడళ్ళు ఆ ఎండాకాలం సాయంత్రాలు ఆ గట్టు మీద నడిచారు. చెరువు ఎండి, అడుగున నేల నెర్రెలు విచ్చింది. వెంకటరత్నమ్మ ఇక్కడ బోదె, అక్కడ కళ్ళం అని చూపించేది. వానలు పడ్డాక నీళ్ళు పెట్టారు. పూజ చేసి సీడ్ వదిలారు. ఆ సాయంత్రం ఇద్దరూ కొబ్బరిచెట్ల దగ్గరే ఆగిపోయారు. ఎవరూ ఆగమని చెప్పలేదు.

ఇంకొన్ని వారాలకి రొయ్య పిల్లలు వేలెడయ్యాయి. ఒక తెల్లవారుజామున హాల్లో సీసా చప్పుడైంది.

"డాక్టరుగారూ, పేషెంట్లొచ్చారండీ!"

బిందు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. లేసు ముసుగు తీసింది. ఒక్కో రొయ్యనీ వెలుగులో పట్టి, తిప్పి, శ్రద్ధగా చూసింది. వెంకట్రామయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"ఎలా ఉన్నాయమ్మా?"

"సీసాలోవి బాగానే ఉన్నాయండీ" అంది బిందు.

ఆయన హమ్మయ్య అనుకుని కాఫీ తాగారు. వంటింట్లో ఉన్న వెంకటరత్నమ్మకి ఆ మాట వినిపించింది. ఆవిడ పొయ్యి తగ్గించి, మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కి, తూర్పు మూల కాకులేమన్నా వాలాయేమోనని చూసింది.